దేనికంటే మేలు?

"ఈ కొత్త ఇంజెక్షన్ బాగా పనిచేస్తుందమ్మా" అంటారు. దేనికంటే బాగా? ఆ ఒక్క ముక్క చెప్పకుండా, రుమటాయిడ్ కీళ్ల వాతంతో వచ్చిన మనిషి చేత నెలనెలా వేల రూపాయలు కట్టించడం అన్యాయం. మెత్తగా చెప్పాల్సిన సంగతి కాదిది.

అనుమతి కోసం జరిగే ప్రయోగాల్లో చాలావాటిలో కొత్త మందును పోల్చేది ఉత్తుత్తి మందుతో. దాన్ని గెలిస్తే చాలు, సరుకు బజారుకొస్తుంది. పొద్దున్నే వేళ్లు ముడుచుకోక, జడ వేసుకోలేక, చెంబు ఎత్తలేక ఏడ్చే మనిషికి ఆ పోలికతో ఏం పని? పాత మందు చాలుతుందా, కొత్తది కావాలా అన్నదే ఆమె ప్రశ్న. ఆ పందెం కంపెనీ ఎందుకు కాస్తుంది? ఓడితే వ్యాపారం పోతుంది.

ప్రభుత్వ డబ్బుతో ఆ పని చేసి చూపించినవాళ్లున్నారు. అమెరికాలో మాజీ సైనికుల వైద్య విభాగం, కెనడా పరిశోధకులు కలిసి, మెథోట్రెక్సేట్ అనే పాత మందుకు జబ్బు లొంగని 353 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మెథోట్రెక్సేట్‌తో పాటు సల్ఫాసలజిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు. రెండో గుంపుకు మెథోట్రెక్సేట్, ఎటానర్సెప్ట్ ఇంజెక్షన్. 24 వారాలకు గుణం కనిపించనివాళ్లలో అటువాళ్లను ఇటు, ఇటువాళ్లను అటు మార్చారు. 48 వారాలకు చూస్తే, మాత్రలతో మొదలుపెట్టినవాళ్లు ఇంజెక్షన్‌తో మొదలుపెట్టినవాళ్లకు తీసిపోలేదు. 2013లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ దీన్ని అచ్చువేసింది. పేటెంటు బెడద లేని మూడు పాత మాత్రలు! ఈ సంగతి ఎన్ని కన్సల్టింగ్ గదుల్లో రోగి చెవిన పడింది?

చవక మందు తరఫున మాట్లాడటానికి కంపెనీ రెప్ రాడు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలని, రోజూ వేసుకుంటే ప్రాణం తీస్తుందని, ఫోలిక్ యాసిడ్ తోడుండాలని, గర్భం కోరుకునేవాళ్లు ముందే చెప్పాలని విడమరిచే తీరిక కూడా చాలా చోట్ల ఉండదు. చీటీ మీద గీకి పంపేస్తారు.

పోలిక ఆలస్యమైతే ఏమవుతుందో ఇదే జబ్బుకు వచ్చిన టోఫాసిటినిబ్ అనే కొత్త మాత్ర చూపించింది. 2012లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. 50 ఏళ్లు దాటి, గుండెజబ్బు ముప్పు ఏదో ఒకటి ఉన్న నాలుగు వేలమందికి పైగా రోగుల్లో ఒంట్లో వాపును పెంచే టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే ఎటానర్సెప్ట్ లాంటి పాత ఇంజెక్షన్లతో పోల్చి చూశాక, గుండెపోట్లు, క్యాన్సర్లు టోఫాసిటినిబ్ వైపే ఎక్కువగా కనిపించాయి. 2021లో ఎఫ్‌డీఏ హెచ్చరికను కఠినం చేసింది. మధ్యలో తొమ్మిదేళ్లు గడిచిపోయాయి.

ఇంజెక్షన్లే వద్దని నేననడం లేదు. మాత్రలకు లొంగనివాళ్లకు అవి కొత్త బతుకునిచ్చాయి. కానీ టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందు ఒంట్లో నిద్రపోతున్న క్షయను లేపగలదు. క్షయ ఇంతగా ఉన్న మన దేశంలో ముందు ఆ పరీక్ష చేయకుండా సూది గుచ్చడం నేరం.

అంతకంటే పెద్ద నేరం మన ఊళ్లలో పట్టపగలే జరుగుతోంది. పేరులేని పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపి ఇస్తారు. రెండు రోజుల్లో నొప్పి పోయి మనిషి లేచి తిరుగుతుంది, ఇచ్చినవాణ్ణి దేవుడంటుంది. ఏళ్లతరబడి అదే మింగితే మొహం ఉబ్బుతుంది, షుగరు వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. అన్నేళ్లూ అసలు వైద్యం అందక కీళ్లు వంకరపోతూనే ఉంటాయి.

భారత వైద్య పరిశోధన మండలిని (ఐసీఎంఆర్) అడుగుతున్నాను: మన రోగుల మీద, మన ధరలతో, పాత మందులనూ కొత్త మందులనూ పక్కపక్కన పెట్టి తేల్చండి. ఫలితాన్ని తెలుగులో అచ్చువేసి ప్రతి ప్రభుత్వాసుపత్రి గోడకూ అంటించండి. మందు వాడుతున్నవాళ్లకు నా మనవి: సొంతంగా ఏదీ ఆపొద్దు. ఈసారి వెళ్లినప్పుడు మాత్రం డాక్టరు ముందు కూర్చుని, జవాబు వచ్చేదాకా అడగండి: "ఇది దేనికంటే మేలు డాక్టరు గారూ? ఎవరు పోల్చి చూశారు?"