బెంచీ వెనుక కాకులు

అక్టోబరు నెలాఖరు రాగానే పిల్లల ఫోన్లలో ఒక ఆట తిరగడం మొదలవుతుంది. పాత హాలీవుడ్ భయానక చిత్రాల నుండి ఒక్కొక్క దృశ్యాన్ని చూపి, ఆ చిత్రం పేరేమిటో ఊహించమంటారు. హాలోవీన్ వేడుక మన ఇళ్లది కాదు. దానిని తెచ్చుకోవలసిన అవసరమూ మాకు కనబడదు. అయినా ఆట మాత్రం మన ఇళ్లలోకి వచ్చే ఉన్నది. కనుక పెద్దలు కూడా పిల్లల ప్రక్కన కూర్చొని ఒకసారి చూడటం మంచిది.

కొన్ని దృశ్యాలు సులభంగా చిక్కుతాయి. నల్లని అంగీ కప్పుకొని తీక్షణంగా చూస్తున్న పురుషుడు కనబడితే అది 1931 నాటి ‘డ్రాక్యులా’. రక్తపిశాచి అనగానే మనకు కోరలు గుర్తుకు వస్తాయి గాని, బేలా లుగోసీ ఆ చిత్రంలో ఒక్కసారైనా కోరలు చూపలేదు. చదునైన తల, మెడకు మరలు ఉన్న ఆకారం అదే సంవత్సరం వచ్చిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’. స్నానాల గది తెర కనబడితే 1960 నాటి ‘సైకో’. అందులో నీటితో కలిసి పారినది రక్తం కాదు, చాక్లెట్ పాకం. నలుపు తెలుపు చిత్రం గనుక అది చెల్లింది. ఈ సంగతి చెప్పి చూడండి, పిల్లల కళ్లలోని బెదురు కాస్తా కుతూహలమవుతుంది.

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ సమీపాన మాకు పరిచయమున్న ఒక ఇంట్లో మాత్రం ఆట మరొక దారి పట్టింది. ఫోనులో వచ్చిన దృశ్యం ఇది: బడి ముందు బెంచీ మీద ఒక స్త్రీ కూర్చొని ఉన్నది. ఆమె వెనుక పిల్లలు ఎక్కి ఆడుకునే ఇనుప చట్రం నిండా కాకులు వాలి ఉన్నాయి. ఆమె వాటిని ఇంకా చూడలేదు. పదేళ్ల మనవడు బిగ్గరగా నవ్వి, “ఇందులో భయమేముంది నానీమా, పొద్దున్న మన జెట్టీ ఇలాగే కదా ఉంటుంది!” అన్నాడు. బోట్లు సరుకు దించే వేళ కాకులు, గద్దలు, కొంగలు తలల మీదుగా తిరుగుతుండగా పెరిగిన పిల్లవాడు మరేమంటాడు?

ఆ చిత్రం ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘ది బర్డ్స్’. 1963లో విడుదలయింది. దానికి ఆధారం డాఫ్నీ డ్యూ మారియే 1952లో ప్రచురించిన కథ. చిత్రకథ జరిగేది కాలిఫోర్నియా తీరంలోని బొడేగా బే అనే ఊరిలో. అదీ చేపల వేటతో బ్రతికే ఊరే. పక్షులు మనుషుల మీద ఎందుకు తిరగబడ్డాయో చిత్రం చివరిదాకా చెప్పదు.

అయితే నిజ జీవితంలో ఇటువంటి దానికి కారణం దొరికింది. 1961 ఆగస్టులో అదే కాలిఫోర్నియాలో మాంటెరీ అఖాతపు ఒడ్డున ఒక రాత్రి వేలాది సముద్రపక్షులు దిక్కు తెలియక ఇళ్లకు కొట్టుకొని వీధుల్లో రాలిపడ్డాయి. హిచ్‌కాక్ ఆ వార్తను తెప్పించుకున్నాడు. ప్రజలు తమకు తోచినట్లు ఊహించుకున్నారు. పొగమంచులో దీపాల వెలుగుకు భ్రమించాయన్న మాట ఎక్కువగా వినబడింది. అర్ధ శతాబ్దం గడిచాక శాస్త్రవేత్తలు ఆ ఏడాది సముద్రం నుండి సేకరించి భద్రపరచిన సూక్ష్మజీవుల నమూనాలను పరీక్షించారు. విషాన్ని పుట్టించే ఒక జాతి నాచు వాటిలో మెండుగా కనబడింది. నాచు విషం నెత్తళ్ల వంటి చిన్న చేపలలో చేరుతుంది. వాటిని తిన్న పక్షుల మెదడు దెబ్బతింటుంది. కాబట్టి దాడి చేశాయనుకున్న పక్షులు బహుశా రోగంతో ఉన్న పక్షులు.

అదే చిత్రం నుండి తరచుగా పంపే మరొక దృశ్యం ఉన్నది. పైకప్పు క్రింది గదిలో పక్షులు పొడుస్తుండగా చేతులు అడ్డుపెట్టుకుంటున్న కథానాయిక టిప్పీ హెడ్రెన్ ముఖం అది. యంత్రపు పక్షులనే వాడతామని ముందు చెప్పి, చివరకు నిజమైన పక్షులనే ఆమె మీదికి విసిరారని, దాదాపు ఐదు రోజులు అలాగే సాగిందని, ఒక పక్షి కంటి సమీపంలో గీరిందని ఆమె తరువాత స్వయంగా చెప్పింది. వైద్యుడు విశ్రాంతి తీసుకోమన్నాడు. ఆ ముఖాన్ని చూసి అరక్షణంలో చిత్రం పేరు చెప్పి మార్కు వేసుకునేవారు, అందులో నటన ఎంతో, నిజం ఎంతో ఎలా చెప్పగలరు?

చలనచిత్రంతో ఆడినంత సేపు తప్పు ఊహకు ఒక మార్కే పోతుంది. మనుషుల విషయంలో అలా కాదని హార్బర్‌కు బాగా తెలుసు. 2023 నవంబరు 19 రాత్రి జెట్టీ వద్ద మంటలు లేచి, ముప్పైకి పైగా బోట్లు కాలిపోయాయి. డీజిలు, గ్యాసు సిలిండర్లు పేలుతుండగా తీసిన దృశ్యాలు తెల్లవారేసరికి ఊరంతా చూసింది. వాటి వెనుకే ఒక యువకుని పేరూ ప్రయాణించింది. కొన్ని రోజుల దర్యాప్తు తరువాత పోలీసులు ప్రకటించిన కారణం వేరు: వలపై పడిన సిగరెట్టు ముక్క. అప్పటికి ఆ పేరును ఎందరు పంపారో, వారిలో ఎందరు సవరణను కూడా పంపారో లెక్క తీసినవారు లేరు.

విశాఖ వాసులు మరువలేని పక్షి పేరు ఒకటున్నది. 2014 అక్టోబరు 12న ఈ తీరాన్ని తాకిన తుపాను పేరు హుద్‌హుద్. ఆ పేరును సూచించిన దేశం ఒమన్. దివ్య ఖుర్ఆన్‌లోని నమ్ల్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అలైహి) కొలువులో ఉన్న పక్షి అదే. సబా దేశం నుండి అది తెచ్చినది ఊహ కాదు, కళ్లారా చూసిన వార్త. అయినా ఆయన వెంటనే నమ్మలేదు, తోసిపుచ్చనూ లేదు. నిజమో అబద్ధమో చూద్దామని, లేఖ ఇచ్చి ఆ పక్షినే తిరిగి పంపారు. వార్త తెచ్చినది ఎంత ఆప్తమైనదైనా సరిచూడటం ఆగలేదన్నది మేము ఇంట్లో పిల్లలకు చెప్పే భాగం.

ఆ మనవడు తరువాత తానే ఒక దృశ్యం తయారు చేశాడు. లంగరు వేసిన బోటు కొయ్య చుట్టూ కాకులు మూగి ఉండగా ఫోటో తీసి, ఏమి జరిగిందో చెప్పమని బంధువుల పిల్లలకు పంపాడు. తుపాను వస్తున్నదని ఒకరు, పాము ఉన్నదని ఒకరు, కాకి చచ్చిపోయిందని మరొకరు జవాబిచ్చారు. ఫోటోకు అందని చోట, కొయ్య మొదట్లో, ఎవరో వదిలేసిన రొయ్య తలకాయల బుట్ట ఉన్నది.