రైలు దారి కూడా పాఠమే

నా దగ్గర చదువుకున్న కోయ కుర్రాడొకడు బెజవాడలో ఇంటర్ పూర్తిచేశాడు. పైచదువు సీటుకు సర్టిఫికెట్ల పరిశీలన ఏలూరులో, ఉదయం పది గంటలకు. తెల్లవారకముందే స్టేషన్‌కు వెళ్లాడు. కాకినాడ బండ్లన్నీ ఏలూరు మీదుగానే పోతాయనుకుని ఒకటి ఎక్కేశాడు. అది గుడివాడ లైను బండి. కైకలూరులో దిగి, కొల్లేరు దాటి, బస్సులో ఏలూరు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆ ఏడు సీటు పోయింది.

"కొండోళ్ల పిల్లలకు లోకజ్ఞానం ఎక్కడిది మాస్టారూ?" అన్నారు కొందరు. అన్నవాళ్లలో టీచర్లూ ఉన్నారు. ఆ మాట నాకు ఈనాటికీ మింగుడుపడలేదు.

లోకజ్ఞానం పుట్టుకతో వస్తుందా? తాడేపల్లిగూడెం పిల్లవాడు తండ్రి వేలు పట్టుకుని ప్లాట్‌ఫారం ఎక్కుతాడు. అక్షరాలు రాకముందే ఏ బండి ఎటుపోతుందో వాడికి తెలుస్తుంది. మన బుట్టాయగూడెం, కుక్కునూరు మండలాల్లో రైలు పట్టాలే లేవు. మనవాడికి ఎదురైంది పది ప్లాట్‌ఫారాల బెజవాడ. అక్కడ తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో చెబుతారు. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లవాడికి ఆ హోరులో ఒక్క ఊరిపేరే చెవిన పడింది.

బెజవాడ నుంచి ఇటు రెండు దారులు. ఒకటి ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా. రెండోది గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరం మీదుగా. రెండూ నిడదవోలులో కలుస్తాయి. ఈ రెండు గీతలు నల్లబల్ల మీద గీయడానికి అయిదు నిమిషాలు చాలు. నేను గీయలేదు. గంగానది ఉపనదులు మాత్రం వల్లె వేయించాను. ఆ తప్పు నాది, మనందరిది.

రైల్వే ఉద్యోగ పరీక్ష దూరపు ఊళ్లో పడితే ఎస్టీ అభ్యర్థులకు ఉచిత ప్రయాణ పాసు ఉంది. బండెక్కడం నేర్పకుండా పాసు చేతికిస్తే ఏం లాభం?

తోటి ఉపాధ్యాయులారా! ప్రతి ఆశ్రమ పాఠశాల తొమ్మిదో తరగతి పిల్లల్ని ఒక రోజు ఏలూరు స్టేషన్‌కు తీసుకెళ్లాలి. కౌంటర్లో వాళ్లచేతే టికెట్లు కొనిపించాలి. బోర్డు మీద బండి అయిదంకెల నంబరు చదివించాలి. జనరల్ పెట్టె ఎక్కడుందో వాళ్లనే వెతకనివ్వాలి. ఇది విహారయాత్ర కాదు, పాఠం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! "ఇది కాకినాడ బండేనా?" అని అడక్కండి. "ఏలూరులో ఆగుతుందా?" అని అడగండి. ఒకరిని కాదు, ఇద్దరిని అడగండి. ఫోనుంటే 139కి చేయండి. అడిగితే నవ్వేవాళ్లు ఉంటారు. నవ్వుకోనివ్వండి. మన బండి మనం ఎక్కుదాం.