మింగే వైరస్ మంచిదేనా? ముందు పరీక్షించాలి

సెగగడ్డ లేచిందంటే చాలామటుకు దాని వెనక ఉండేది స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. ఆరోగ్యవంతుల్లోనూ సుమారు ముగ్గురిలో ఒకరి ముక్కులో ఇది ఏ హానీ చేయకుండా కాపురం ఉంటుంది. ఆపరేషన్ గాయంలోకో, రక్తంలోకో దిగితే మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. మెథిసిలిన్‌కు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ రకం మన ఆసుపత్రులకు కొత్త కాదు. అందుకే ఈ బ్యాక్టీరియాను చంపే వైరస్‌ల పేరు, అంటే ఫేజ్‌ల పేరు, మళ్లీ గట్టిగా వినిపిస్తోంది.

ఫేజ్‌ల కథ మొదలైందే ఈ జాతి బ్యాక్టీరియాతో. 1915లో లండన్‌లో ఫ్రెడరిక్ ట్వార్ట్ మశూచి టీకా వైరస్‌ను పెంచాలని చూస్తుంటే, పళ్లెంలో తగులుకున్న గుండ్రటి బ్యాక్టీరియా గుంపులు గాజులా పారదర్శకంగా కరిగిపోయాయి. వడపోతలో దాటిపోయేంత చిన్నదేదో వాటిని చంపుతోందని ఆయన గుర్తించాడు. 1917లో ఫెలిక్స్ డెరెల్ దానికి బ్యాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టాడు. 1921లోనే బెల్జియంలో సెగగడ్డల మీద ఈ చికిత్స ప్రయత్నించారు. పెన్సిలిన్ వచ్చాక పశ్చిమ దేశాలు దీన్ని మరిచిపోయినా, జార్జియాలోని టిబిలిసీ మాత్రం వదల్లేదు.

మన దగ్గర ఫేజ్ మాట ఎత్తగానే గంగాజలం ప్రస్తావన వస్తుంది. 1896లో హాంకిన్ గంగా, యమునా నీటిలో కలరా క్రిములు చస్తున్నాయని రాసిన మాట నిజమే. కానీ చంపింది ఫేజే అని ఆయన చూపలేదు. ఆ గర్వంతో చికిత్స తయారవదు.

తయారయ్యే తీరు చాలా విసుగు పుట్టించేది. మురుగునీటిని వడగట్టి, బ్యాక్టీరియాతో కలిపి, పలచటి అగార్‌లో పోసి గట్టి అగార్ మీద పరుస్తారు. మర్నాటికి పళ్లెం నిండా పాల మీగడలా బ్యాక్టీరియా పెరుగుతుంది. ఫేజ్ పడిన చోట మాత్రం చిన్న ఖాళీ మచ్చ. ఒక్కో మచ్చ సాధారణంగా ఒక్క ఫేజ్ సంతానం. మచ్చ తేటగా ఉందా, మసకగా ఉందా అన్నదే అసలు సంగతి. మసక మచ్చ చాలాసార్లు, ఫేజ్ కొన్ని బ్యాక్టీరియాలను చంపకుండా వాటి డీఎన్‌ఏలోనే చేరి దాక్కుందన్న సూచన.

అలా దాక్కునేవే ప్రమాదం. తెల్లరక్తకణాలను చీల్చే పాంటన్-వాలెంటైన్ ల్యూకోసిడిన్ అనే విషానికి జన్యువులను స్టెఫైలోకాకస్‌కు మోసుకొచ్చేది ఫేజ్‌లే. ఒక బ్యాక్టీరియా నుంచి మరో దానికి మందులకు లొంగని గుణాన్ని చేరవేసేవీ ఉన్నాయి. మందనుకుని ఇచ్చింది శత్రువుకే ఆయుధం అందించవచ్చు. కాబట్టి ఫేజ్ జన్యుక్రమం మొత్తం చదవకుండా రోగికి ఇవ్వడం తప్పు, ఎంత అత్యవసరమైనా సరే.

అది చాలదు. ఒక రోగి గాయంలోని స్టెఫైలోకాకస్‌ను కరిగించే ఫేజ్ పక్క మంచం రోగి దగ్గర పనిచేయకపోవచ్చు. అందువల్ల కావలసింది సీసాల్లో అమ్మే అద్భుత మందు కాదు, పరీక్షించి భద్రపరచిన ఫేజ్‌ల నిల్వ, దాని పక్కనే మన ఆసుపత్రుల బ్యాక్టీరియా నమూనాల నిల్వ. రిపోర్టు ఇవ్వగానే ల్యాబ్ ఆ నమూనాను పారేస్తే, ఫేజ్‌ను దేని మీద పరీక్షిస్తారు?