ఒకటిన్నర మనిషి లెక్క

యుద్ధం ముగిసిన ప్రతిచోటా ఒక ప్రశ్న మిగులుతుంది: చనిపోయినవాళ్లు ఎంతమంది? జవాబు చెప్పే తీరులోనే రాజ్యం స్వభావం బయటపడుతుంది. బౌద్ధుల చరిత్రలో ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. అందులో మనది ఏదో తేల్చుకోవలసిన సమయం ఎప్పుడో వచ్చింది. మనమే వాయిదా వేస్తున్నాం.

మొదటి జవాబు మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీదే ఉంది. అశోకుడి పదమూడవ శిలాశాసనం అది. కళింగలో లక్ష మంది హతులయ్యారని, లక్షా యాభై వేల మందిని చెరపట్టి తరలించారని, అంతకు ఎన్నో రెట్ల మంది ఆ తర్వాత చనిపోయారని గెలిచిన రాజే చెక్కించాడు. చచ్చినవాళ్లు శత్రువు ప్రజలు. వాళ్లలో ఎవరిది ఏ మతమని చూసి అంకె తగ్గించలేదు. అశోకుణ్ణి దేవుణ్ణి చేయనక్కర్లేదు. కళింగ నేల మీది ధౌలి, జౌగడల్లో ఈ శాసనం చెక్కించలేదు. అడవి జాతులకు హెచ్చరిక కూడా ఇందులోనే ఉంది. అయినా శత్రువు శవాన్ని మనిషి శవంగా లెక్కపెట్టిన రాజు అతను.

రెండో జవాబు సింహళ గ్రంథం మహావంశంలో ఉంది. తమిళ రాజు ఎళారను గెలిచిన దుట్ఠగామణి, ఇంతమందిని చంపించానే అని కుమిలిపోతాడు. అరహంతులు వచ్చి ఓదారుస్తారు. నిజానికి చనిపోయింది ఒకటిన్నర మనుషులేనట! త్రిశరణాలతో పాటు పంచశీల కూడా తీసుకున్నవాడు ఒకడు, త్రిశరణాలు మాత్రమే తీసుకున్నవాడు అర. మిగతా వాళ్లు పశువులతో సమానమట. బుద్ధుడు చెప్పిన ధమ్మంలో ఈ లెక్కకు చోటెక్కడ? పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టడాన్ని తిరస్కరించి ఈ దారికి వచ్చిన మనం, మతాన్ని బట్టి శవం విలువ కట్టడాన్ని ఒప్పుకోగలమా?

ఇది పాత కథ అనుకుంటే పొరపాటు. 2009 జనవరి నుంచి మే వరకు శ్రీలంక వన్నిలో జరిగింది చూడండి. ప్రభుత్వం తానే నో ఫైర్ జోన్లు ప్రకటించింది. ప్రాణభయంతో జనం అక్కడికి చేరారు. ఆ జోన్ల మీదే ఫిరంగి గుండ్లు పడ్డాయి. పుదుక్కుడియిరుప్పు ఆసుపత్రి మీద పడ్డాయి. అప్పుడు ప్రభుత్వం చెప్పిన మాట: ఇది పౌరులను విడిపించే చర్య, పౌర మరణాలు సున్నా. ఒకటిన్నర కూడా కాదు, సున్నా! ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి నియమించిన నిపుణుల బృందం 2011లో ఇచ్చిన నివేదిక వేరే మాట చెప్పింది. మృతులు నలభై వేల వరకు ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమంది. చివరి దశలో ఎక్కువ మంది పౌరులు ప్రభుత్వ గుళ్ల వర్షానికే చనిపోయారన్న ఆరోపణలు నమ్మదగినవేనంది.

'ఎల్‌టీటీఈ ఏం తక్కువ చేసింది?' అని అడుగుతారు. తక్కువ చేయలేదు. జనాన్ని కవచంగా నిలబెట్టుకుంది, పారిపోతున్నవాళ్లను కాల్చింది, పిల్లల చేతికి తుపాకులిచ్చింది. అదే నివేదిక ఇవన్నీ రాసింది. కానీ యుద్ధ నియమాలు ఇచ్చిపుచ్చుకునే బేరం కావు. 1949 జెనీవా ఒప్పందాల మొదటి అధికరణే అన్ని పరిస్థితుల్లోనూ వాటిని పాటించాలంటుంది. బందీగా చిక్కిన తల్లి, ఆమెను పట్టుకున్నవాడి నేరం వల్ల శత్రువైపోదు.

'అది ఆ దేశం అంతర్గత వ్యవహారం' అనేది రెండో సాకు. నాలుగు ఒప్పందాల్లోనూ ఒకేలా ఉన్న మూడవ అధికరణ పుట్టిందే అందుకు. ఒక దేశం లోపల జరిగే సాయుధ ఘర్షణలో కూడా ఆయుధం పట్టనివాళ్లను, ఆయుధం దించినవాళ్లను, గాయపడ్డవాళ్లను చంపకూడదని, హింసించకూడదని, బందీలుగా పట్టుకోకూడదని అది రెండు పక్షాలనూ కట్టడి చేస్తుంది. శ్రీలంక ఈ ఒప్పందాల్లో చేరింది 1959లో.

'ఇవన్నీ పాశ్చాత్యుల చట్టాలు' అనేది మూడో సాకు. ఈ మాట అనేవాళ్లు ఒక్కసారి ఎర్రగుడి వెళ్లి రావాలి. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' కూడా తెరవాలి. రోహిణి నీళ్ల కోసం కోలియుల మీద యుద్ధానికి శాక్య సంఘం సిద్ధమైనప్పుడు సిద్ధార్థుడు ఏమడిగాడు? ఇరువైపుల నుంచి ఇద్దరేసి, ఆ నలుగురు ఎన్నుకునే అయిదో మనిషి, వీళ్లు కూర్చుని తగవు తేల్చాలన్నాడు. అంటే ఒక పక్షం చేతిలో లేని విచారణ. శ్రీలంక తమిళులు ఇన్నేళ్లుగా అడుగుతున్నదీ అదే. దేశంలోపలి న్యాయం ఎలా ఉందో మిరుసువిల్ చెబుతుంది. 2000లో పిల్లలతో సహా ఎనిమిది మంది తమిళ పౌరులను చంపిన కేసులో శిక్షపడిన సైనికుడికి 2020లో అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టాడు.

వేలు పొరుగువాడి వైపే చూపి ఊరుకోలేం. 1987 అక్టోబరులో శాంతి పరిరక్షణకని వెళ్లిన మన సైన్యం యాళ్పాణం ఆసుపత్రిలోకి చొరబడ్డాక రోగులు, డాక్టర్లు, నర్సులు చనిపోయారు. ఎదురుకాల్పుల్లో జరిగిందన్నారు. 2009 మేలో జెనీవాలో శ్రీలంకను మెచ్చుకునే తీర్మానానికి మన దేశం ఓటేసింది. 2012లో జవాబుదారీతనం అడిగే తీర్మానానికి మద్దతిచ్చింది, 2014లో తటస్థంగా కూర్చుంది. పౌరుల రక్షణను మరింత వివరించిన 1977 అదనపు ప్రోటోకాళ్లలో ఇప్పటికీ చేరలేదు.

బమియాన్ విగ్రహాలు కూలితే మనం వీధికెక్కి అరిచాం, సరే. ముల్లివాయ్‌క్కాల్ ఇసుకలో మనుషులు కూలినప్పుడు మన విహారాల నుంచి ఎన్ని గొంతులు లేచాయి? చంపినవాడి రథం మీద ధమ్మచక్రం ఉందని నోరు మూసుకుంటే, పంచశీలలో మొదటి శీలం మనకు నోటిపాఠం మాత్రమే. పాణాతిపాతాన్ని విడుస్తానన్నవాడు మా వాళ్లు తప్ప అని మినహాయింపు పెట్టుకోలేదు.

కాబట్టి మన సంఘాలు చేయవలసిన పనులు మూడు. శ్రీలంక భిక్ఖు సంఘాలకు బహిరంగంగా రాయాలి: స్వతంత్ర విచారణకు అడ్డుపడకండని, మాయమైనవాళ్ల పేర్లు బయటపెట్టించండని. 1977 ప్రోటోకాళ్లలో చేరమని మన ప్రభుత్వాన్ని అడగాలి. మే 18న, మతమూ భాషా చూడకుండా, రెండు పక్షాల చేతుల్లో చనిపోయిన పౌరులందరి కోసం ప్రతి విహారంలో దీపం పెట్టాలి. ఆ రోజు మనం ఎంతమందిని తలచుకుంటామో, మన ధమ్మం అంత.