మాలెగావ్ ‘షోలే’కు చట్టంలో చోటేదీ?

మహారాష్ట్రలోని మరమగ్గాల పట్టణం మాలెగావ్‌లో వీడియో పార్లర్ యజమాని నాసిర్ షేక్ 2000లో ‘షోలే’ను ఊరివారితోనే మళ్లీ తీశారు. గుర్రాల మీద రావలసిన బందిపోట్లు సైకిళ్ల మీద వచ్చారు! ఊరు విరగబడి చూసింది. ఆ ఊరి సినిమా పిచ్చిపై 2008లో డాక్యుమెంటరీ, 2025లో రీమా కాగ్తీ చిత్రం వెలువడ్డాయి.

అందరూ మెచ్చిన ఈ పనికి చట్టంలో మాత్రం రక్షణ లేదు. కథ, సంభాషణలు, పాటలు హక్కుదారుల సొత్తు. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వినియోగానికీ, విమర్శకూ, వార్తలకూ మినహాయింపులిచ్చింది. 2012 సవరణ వాటిని సినిమాలకూ వర్తింపజేసింది; అంతటితో ఆగింది. పేరడీ ఊసే లేదు, ఇక అభిమానుల పునర్నిర్మాణం మాట చెప్పాలా? 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, హాలులో బొమ్మను దొంగచాటుగా చిత్రించేవారికి మూడేళ్ల దాకా జైలు, నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా విధించారు. అది సబబే. దొంగ కాపీ అమ్ముకునేవాడు వేరు, సొంత సైకిలు తొక్కి గబ్బర్ సింగ్ ముఠాలో చేరినవాడు వేరు. ఈ తేడాను చట్టం రాతపూర్వకంగా గుర్తించాలి.

అమెరికాలో అభిమానులు తలా 15 సెకన్ల ముక్క తీసి కూర్చిన ‘స్టార్ వార్స్’కు 2010లో ఎమ్మీ బహుమతి లభించింది. ఇక్కడ అటువంటి బృందానికి నిర్మాత ఔదార్యమే దిక్కు. టికెట్టు పెట్టి ఆడిస్తే రాబడిలో వాటా ఎవరిదన్న చిక్కు ఉన్నమాట నిజమే. దానికి స్వల్ప రుసుము నిర్ణయించవచ్చు. ఉచిత ప్రదర్శనకు అదీ అక్కరలేదు.

కాపీరైట్ వాణిజ్య మంత్రిత్వ శాఖది, సినిమా సమాచార, ప్రసార శాఖది. సభలో దీనిని లేవనెత్తదలచిన సభ్యుడు ముందు ఏ మంత్రిని అడగాలో తేల్చుకోవాలి.