కొత్త పండుగ ఎక్కడ జరగాలి?

యానాం ఒడ్డునుంచి సముద్రం వైపు సాగే గౌతమి, ధవళేశ్వరం దగ్గర పాయలుగా చీలకముందు పాపికొండల ఇరుకులో ఒకే గోదావరిగా ప్రవహిస్తుంది. ఆ కొండల్లో ఏటికి ఇరుగట్లా తరతరాలుగా బతికిన కొండరెడ్ల మాతృభాష తెలుగే అయినా, తెలుగు సాహిత్యంలో వారికి దక్కిన చోటు చాలా తక్కువ. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ వారి మధ్య తిరిగి రాసిన ఇంగ్లీషు గ్రంథం 1945లోనే వెలువడింది. పోలవరం ప్రాజెక్టు ముంపు కింద వారి ఊళ్లు అనేకం ఖాళీ అయిన ఈ కాలంలో, అక్కడ పోయినది ఇళ్లూ పొలాలూ మాత్రమేనా అన్నది తేల్చుకోవలసిన ప్రశ్న.

కొండరెడ్ల ఏడాదిని నడిపించేవి కొత్త పండుగలు. కొత్త అంటే చేతికొచ్చిన తొలి పంటనో తొలి కాయనో దేవతకు నివేదించి, ఆ తరువాతే ఊరంతా తినడం. మామిడి కొత్త జరగనిదే ఆ ఏటి మామిడిని ఎవరూ నోట పెట్టరు. ఈ కట్టుబాటు వెనుక భక్తితో పాటు వానాకాలపు ఆకలి లెక్క కూడా ఉందనిపిస్తుంది, ఎందుకంటే వారికి పండు ఎంతో టెంకా అంతే. తిన్న పండ్ల టెంకలను ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడిని వాగునీటిలో నానబెట్టి వగరు పోగొట్టి, మళ్లీ ఎండబెట్టి దంచిన పిండితో అంబలి కాస్తారు. పోడు చేలో జొన్న, సామ ఇంకా చేతికి రాని నెలల్లో ఆ అంబలే ఆధారం. జీడి సరిగా ఎండక బూజు పడితే ప్రాణాల మీదికి వస్తుంది గనుక, ఈ వంటకు అనుభవమున్న చేయి కావాలి. మండువేసవిలో జీలుగు చెట్టు గెల కోసి దించే కల్లు కూడా వారికి మత్తుకన్నా ఎక్కువగా ఆహారమే.

ఇలాంటి నియమమే అమెరికాలోని ఫ్లోరిడా చిత్తడి నేలల్లో బతికే సెమినోల్ ప్రజల్లోనూ ఉంది. తాటి జాతి ఆకు కప్పి, గోడలు లేకుండా, నీటికి అందని ఎత్తులో అరుగు వేసి కట్టే చికీ అనే ఇల్లు, రోజంతా పొయ్యి మీద ఉండి ఆకలైనవారు ముంచుకు తాగే సోఫ్కీ అనే మొక్కజొన్న జావ, తల్లి వంశాన్ని బట్టి సంక్రమించే గోత్రం వారి సంప్రదాయ జీవితపు గుర్తులు. పచ్చి మొక్కజొన్న పండుగ జరిగేదాకా వారు కొత్త కంకి తినరు. తగవులు తీర్చుకునే సభ కూడా అప్పుడే. 1830 నాటి ఆదివాసుల తరలింపు చట్టం తరువాత జరిగిన యుద్ధాల్లో అత్యధికులను ఇప్పటి ఓక్లహోమాకు తరిమినా, 1858లో పోరు ముగిసేనాటికి కొన్ని వందలమంది చిత్తడిలోకి వెళ్లి నిలదొక్కుకున్నారు. తరలిపోయినవారు సైతం తమ పండుగను కొత్తచోట మళ్లీ నిలబెట్టుకోగలిగారు.

ఇక్కడే ఈ రెండు కథలకూ ఉన్న తేడాను నిదానంగా చూడాలి. మొక్కజొన్న విత్తనం మూటకట్టుకుపోయి నాటుకోగలిగినది. ఒకనాటి తాత నాటిన మామిడినీ, అడవిలో తనంత తానుగా మొలిచి ఏళ్ల తరబడి పెరిగిన జీలుగునూ ఎవరూ మోసుకుపోలేరు. మైదానంలో వరుసగా కట్టిన పునరావాస కాలనీలో పక్కా ఇల్లు, రోడ్డు, కరెంటు ఉండవచ్చు, అవి అవసరమైనవే. కాని కొత్త పెట్టడానికి చెట్టు లేనిచోట మామిడి కొత్త బజారు పండుతో జరగవలసి వస్తుంది. పరిహారపు లెక్కల్లో ఎకరాలకూ గదులకూ పద్దు ఉంది గాని వాగుకూ గట్టుకూ లేదు. 2006 అటవీ హక్కుల చట్టం అత్యంత వెనుకబడిన ఆదిమ తెగలకు ఇంటి స్థలంతో ఆగక, వారి ఆవాస ప్రాంతమంతటి మీద సామూహిక హక్కును గుర్తించింది. కొండరెడ్లు ఆ తెగల్లోని వారే. ముంపు మిగిల్చిన అడవిలో మామిడి తోపులు, జీలుగు చెట్లు, వాగు రేవులు ఏ ఊరివో ఆ ఊరి పెద్దల మాట ప్రకారం నమోదు చేసి, ఆ హక్కు పత్రాలను కాలనీలకు తరలినవారి చేతికి కూడా ఇవ్వాలి. చెట్లను ఆనవాలు పట్టగల తరం ఉండగానే ఆ పని జరగాలి.