మందు కల్లు మానిన మర్నాడు ఆ యింటికి ఎవరు దిక్కు?

2025 సెప్టెంబరులో సికింద్రాబాద్ పాత బోయిన్‌పల్లిలోని ఒక ప్రైవేటు బడి భవనంపై ఈగల్ అధికారులు దాడి చేశారు. ఒకవైపు పిల్లలకు పాఠాలు నడుస్తుంటే, అదే భవనంలో మరొకవైపు అల్ప్రాజోలం అనే మత్తుమందు తయారవుతున్నది. ఆ సరుకు మహబూబ్‌నగర్ జిల్లా భూత్పూరు పరిసరాల కల్లు డిపోలకు పోతున్నదని అధికారులే ప్రకటించారు. అంతకు రెండు నెలల ముందు, జూలైలో, హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. పదుల మంది ఆస్పత్రుల పాలయ్యారు. రెక్కాడితే గాని డొక్కాడని వారికే యీ గతి పట్టింది.

కేసులు పెట్టారు. ఫోటోలు వేశారు. దుకాణాలకు తాళాలు వేశారు. మంచిదే. కాని ఆ మందుకు అలవాటు పడ్డ పాలమూరు పల్లెల్లో తెల్లారి ఏం జరుగుతుందని ఎవరూ అడగలేదు. సరుకు ఆగిన రెండో రోజున ఎన్ని యిళ్ళల్లో చేతులు వణుకుతాయి, ఎంతమందికి ఫిట్సు వస్తాయి, ఆ మనిషిని పట్టుకొని కూర్చున్న భార్య ఆ వారం కూలికి ఎట్లా పోతుంది — యీ లెక్క ఏ రికార్డులోనూ వుండదు. యీ లెక్క రాయవలసింది మన సంఘాలే.

చెట్టు కల్లు వేరు, డిపో కల్లు వేరు

మన వైపు కల్లు లేని శుభం లేదు, అశుభం లేదు. పెండ్లికి, చావుకు, బోనాలకు, పీర్ల పండుగకు కల్లు కావలసిందే. మగవారే కాదు, నాట్లు వేసి వచ్చిన ఆడవారూ తాగుతారు. దీన్ని నీతి పాఠాలతో కొట్టిపారేసేవారికి కూలి బతుకు తెలియదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగినవారిని అడగండి. "నొప్పులకు పండబుద్ధి గాదు సారూ, రెండు సీసలు తాగితే కన్నంటుకుంటది" అంటారు. ఆస్పత్రి అందని చోట కల్లే మందయింది.

అయితే ఆ సీసలో వున్నదేమిటి? ఈత చెట్టుకు ఒక కాలం, తాటి చెట్టుకు ఒక కాలం. చెట్లు నరికి ప్లాట్లు చేస్తున్నారు. చెట్లు తరుగుతున్నాయి, తాగేవారు పెరుగుతున్నారు. అయినా డిపోలో పన్నెండు నెలలూ కల్లు వుంటుంది. చెట్టు ఎండినా డిపో ఎండదు! ఆ రహస్యమే మందు పొడి. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజోఫాం, యిప్పుడు అల్ప్రాజోలం.

అల్ప్రాజోలం అంటే నిద్ర పట్టనివారికి, విపరీతమైన దడ, ఆందోళన వున్నవారికి డాక్టర్లు రాసే మందు. పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము బిళ్ళల్లో వుంటుంది. ఒక కిలో పొడి అంటే అర మిల్లీగ్రాము బిళ్ళలు 20 లక్షలన్నమాట. అటువంటి పొడిని చేతి అందాజుతో తొట్టిలో కలుపుతున్నారు. 1985 నాటి మత్తుమందుల చట్టం ప్రకారం యీ మందు 100 గ్రాములు దాటితే వ్యాపార పరిమాణం. శిక్ష పదేండ్లకు తక్కువ కాదు. చట్టం లేక కాదు, చట్టాన్ని కదిలించేవారు లేక యీ వ్యాపారం సాగుతున్నది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మోకు, ముస్తాదు కట్టుకొని చెట్టెక్కే గీత కార్మికుడు మన శత్రువు కాదు. చెట్టు మీది నుంచి పడి నడుము విరిగిన గీత కార్మికులు ప్రతి మండలంలో వున్నారు. మందు కల్లు వచ్చి అతని చెట్టు కల్లుకు కూడా గిరాకీ లేకుండా చేసింది. పొడి తెచ్చేది, కలిపేది, లాభం తినేది వేరేవాళ్ళు. కల్తీ మీద మన పోరాటం గీత వృత్తి మీద పోరాటంగా మారితే సంతోషించేది ఆ వేరేవాళ్ళే.

అది పొగరు కాదు, జబ్బు

రోజూ మందు కల్లు తాగిన వొంటికి ఆ మందు లేకుంటే నడవదు. ఒక్కసారి ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర వుండదు. ముదిరితే ఫిట్సు వస్తాయి. లేనివాళ్ళు కనిపిస్తారు, లేని మాటలు వినిపిస్తాయి. సారాకు, బ్రాందీకి బాగా అలవాటు పడ్డవారికీ హఠాత్తుగా మానితే యిట్లాగే జరుగుతుంది. ప్రాణం కూడా పోవచ్చు.

వూళ్ళో దీనికి పెట్టే పేర్లు వేరు. "గాలి సోకింది" అంటారు. "పిచ్చి లేసింది, ఎర్రగడ్డకు తోలాలె" అంటారు. "తాగుడుకు దొంగ ఏషాలు ఏస్తున్నడు" అంటారు. మూడూ తప్పే. అది మందు ఆగినందువల్ల వచ్చిన జబ్బు. దానికి వైద్యం వున్నది. డాక్టరు తగిన మందు యిచ్చి, దాన్ని రోజురోజుకు కొంచెం కొంచెం తగ్గిస్తూ మాన్పిస్తాడు. ఎవరంతట వారు బిళ్ళలు కొని మింగితే ఒక వ్యసనం పోయి యింకొకటి వస్తుంది.

యిది కొత్తగా తెలిసిన సంగతి కాదు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు చేసింది. సరుకు ఒక్కసారిగా ఆగింది. మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల ఆస్పత్రులు వణుకుతున్న కూలీలతో నిండిపోయాయి. కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దాడులు చేసే శాఖకు ముందుగా తెలుసు, వైద్యం చేసే శాఖకు ముందుగా తెలియదు. పదేండ్లయింది. యిప్పటికీ రెండు శాఖలు ఒక బల్ల దగ్గర కూర్చొని దాడికి ముందే ఆస్పత్రిలో మంచాలు సిద్ధం చేయటం మేము చూడలేదు.

మేము చేసిన తప్పు

ఒక్క ప్రభుత్వాన్ని అని లాభం లేదు. మేమూ యీ తప్పు చేశాము. నల్లగొండ జిల్లాలోని ఒక వూళ్ళో కొన్నేండ్ల కిందట ఆడకూలీలను కూడగట్టి డిపో ముందు బైఠాయించాము. నాలుగు రోజులకు డిపో మూతపడ్డది. నినాదాలిచ్చి, గెలిచామని యిండ్లకు పోయాము. మూడో రోజు ఒక కూలీకి పొలం గట్టు మీద ఫిట్సు వచ్చాయి. చేతిలో తాళం చెవులు పెట్టారు, నోట్లో గుడ్డ కుక్కారు, భూతవైద్యుని దగ్గరికి తీసుకుపోయారు. ఆస్పత్రికి బయలుదేరేసరికి పొద్దు గూకింది. దారిలోనే చనిపోయాడు.

పరామర్శకు పోతే అతని భార్య ఏడవలేదు. "డిపో బందు పెట్టిచ్చిన్రు, మంచిగైంది. నేను గూడ మీ యెంట కూసున్న గద అన్నా! మరి మా ఆయనను ఎవరు పట్టుకోవాలె? ఒక్క మాట జెప్పకపోతిరి" అన్నది. జవాబు చెప్పలేక తల వంచుకొని వచ్చాము. యీ వ్యాసం ఆ తల్లికి యియ్యవలసిన జవాబే.

తాగేవాడు ఒక్కడే, మోసేవారు యింటిల్లిపాది. రోజుకు నూరు రూపాయలు తాగుడుకు పోతే ఏడాదికి 36,500. ఒక పిల్ల చదువు అందులో పోతుంది. అప్పు తీర్చటానికి మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు. ఆలుమగలు బొంబాయికో, పూనాకో పోతారు. ముసలివాళ్ళ దగ్గర పిల్లలు మిగులుతారు. పాలమూరు వలసకు కరువు ఒక కారణమైతే, యిది రెండో కారణం. యింట్లో దెబ్బలు తినేది ఆడది, సిగ్గుపడేదీ ఆడదే. యిక తాగేది ఆడమనిషే అయితే ఆస్పత్రి పేరెత్తటానికి కూడా యింట్లో వొప్పుకోరు.

దూబగుంట పాఠంలో మిగిలిన సగం

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడకూలీలు సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా అంటుకున్నది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఖజానా పేరు చెప్పి దాన్ని ఎత్తివేశారు. అప్పుడు మేము బడి పిల్లలం. తర్వాత సంఘంలోకి వచ్చినాక ఆ చరిత్ర చదివి ఎంతో నేర్చుకున్నాము.

కూలి తల్లులు కదిలితే ప్రభుత్వాలు దిగివస్తాయి — యిది పాఠంలో ఒక సగం. దుకాణం మూసినాక యింట్లోని రోగిని చూసుకొనే ఏర్పాటు లేకుంటే అతడు పక్కవూరికి పోతాడు, లేదా గుడుంబాకు దిగుతాడు — యిది రెండో సగం. దుకాణం మీద పోరాటం ఒక చేయి, కుటుంబానికి ఆసరా రెండో చేయి. చప్పట్లకు రెండు చేతులూ కావాలె.

ప్రభుత్వం లెక్క ఏమిటి? తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలు. 2023లో వాటి కోసం లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తుకు 2 లక్షలు, తిరిగి యివ్వరు. ఒక్క సీస అమ్మకముందే 2,600 కోట్లకు పైగా వచ్చాయి! 2025లో ఆ రుసుము 3 లక్షలకు పెంచారు. దుకాణం వెనుక ప్రతి పల్లెలో బెల్టు షాపులు. మద్యనిషేధానికి ప్రభుత్వం కృషి చేయాలని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతుంది. ప్రభుత్వం కృషి ఎటువైపు సాగుతున్నదో యీ అంకెలే చెబుతున్నాయి. తాగించి తెచ్చిన సొమ్ములో తాగి చెడినవారి వైద్యానికి పోయేదెంత అని అడగటం మన హక్కు.

ఒక వూరి అనుభవం

ఆ చావు తర్వాత యింకొక వూళ్ళో వేరే విధంగా చేశాము. డిపో జోలికి పోకముందే ఆడకూలీలు యింటింటికి తిరిగి పేర్లు రాశారు. రోజూ తాగకుండా వుండలేనివారు ఎనిమిది మంది తేలారు. ఆరుగురు మగవారు, యిద్దరు ఆడవారు. ప్రభుత్వ ఆస్పత్రి డాక్టరుతో ముందుగానే మాట్లాడాము. ఆటో ఖర్చు చందా వేసుకున్నాము. ఆస్పత్రిలో తోడుండే ఆడమనిషికి ఆ రోజు కూలి పోకుండా, నాట్ల గుంపు తమ కూలిలో ఆమె భాగం పక్కకు తీసింది. పిల్లలు పక్కింట్లో తిన్నారు. బాకీ కోసం వచ్చిన మేస్త్రీతో సంఘం మాట్లాడి పంట కోతల దాకా గడువు తీసుకున్నది.

అందరూ బాగుపడ్డారని అబద్ధం చెప్పం. ముగ్గురు మళ్ళీ తాగారు. ఆ ముగ్గురిలో యిద్దరు మళ్ళీ తమంతట తామే ఆస్పత్రికి వచ్చారు. మళ్ళీ తాగినవాణ్ణి వూరు వెలివేయలేదు గనుకనే వచ్చారు. యీ జబ్బు ఒక్క దెబ్బతో పోదు. రెండోసారి, మూడోసారి కూడా తలుపు తెరిచి వుండాలి.

సంఘాలు చేయవలసిన పనులు

1. ప్రతి వూళ్ళో అయిదుగురు ఆడకూలీలతో ఆసరా కమిటీ వేయాలి. పేర్లు గుట్టుగా వుంచాలి. అది తిట్టటానికి వేసిన కమిటీ కాదు.

2. రోజూ తాగేవాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి మాన్పించరాదు. ముందు డాక్టరు, తర్వాత మానటం.

3. ఫిట్సు వస్తే పక్కకు వొత్తిగిల్లి పండబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టరాదు. తాళాలు, వుల్లిగడ్డలు పనిచేయవు. వెంటనే 108కి ఫోను చేయాలి.

4. వ్యసనం మాన్పే సలహాకు 14446 నంబరు వున్నది, డబ్బు పడదు. వైద్యానికి పోతే కేసు పెడతారనే భయం వద్దు. తనంతట తాను వైద్యానికి వచ్చిన వ్యసనపరునికి మత్తుమందుల చట్టంలోని 64ఏ సెక్షనే రక్షణ కల్పించింది.

5. గీత కార్మిక సంఘాలతో కలిసి కూర్చోవాలి. చెట్టు కల్లుకు రక్షణ, మందు పొడికి శిక్ష — యిది వుమ్మడి నినాదం కావాలి.

ప్రభుత్వాన్ని అడగవలసినవి కూడా వున్నాయి. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, నల్లగొండ, సూర్యాపేటలలో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. ప్రతి చోట వ్యసన చికిత్సకు ఆడవారికి, మగవారికి వేరువేరుగా మంచాలు కేటాయించాలి. డిపోలపై దాడికి ముందు ఆరోగ్య శాఖకు కబురు అందాలి. ఆశా కార్యకర్తలకు శిక్షణ యివ్వాలి. వైద్యం సాగే రోజులకు రోగి కుటుంబానికి భృతి యివ్వాలి. చిన్న దుకాణదారును పట్టి చూపించటం కాదు, పొడి తయారుచేసే పెద్దలను జైలుకు పంపాలి.

కూలి పెంచమని అడిగేటప్పుడు మనం ఒక్కొక్కరం కాము, గుంపు. కష్టం వచ్చినప్పుడు మాత్రం ఎవరి యిల్లు వారిది, ఎవరి సిగ్గు వారిది అయిపోతున్నది. వణుకుతున్న చేతులు కూడా నాట్లు వేసిన చేతులే, పత్తి ఏరిన చేతులే. వాటిని పట్టుకోవటం దయ కాదు, సంఘం పని. ఆ తల్లి అడిగిన ప్రశ్న మరే వూళ్ళోనూ మరే తల్లీ మనల్ని అడగకుండా చూద్దాం.